టెక్సస్ హైస్కూల్లో పిల్లల్ని కొత్తగా వేస్తున్నారా? ఫోన్ బ్యాన్, డ్రెస్ కోడ్ గొడవలు ముందే సర్దుకోండి

ముందు నా తప్పు నేను చెప్పేసుకుంటా, తర్వాత మీకు సలహాలిస్తా. 2025 ఆగస్టు, స్కూళ్ళు తెరిచి రెండో వారం. మావాడు నైన్త్ గ్రేడ్. పొద్దున్న చేసిన ఉప్మా ముట్టకుండా బస్సెక్కేశాడు, నా ప్రాణం ఊరుకోదు కదా, పదకొండున్నర దాటాక లంచ్ టైమ్ అయ్యుంటుందిలే అని ఫోన్ కొట్టా. ఎత్తలేదు. మళ్ళీ కొట్టా. మళ్ళీ కొట్టా. సాయంత్రం మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాడు, చేతిలో ఫోన్ లేదు. బ్యాగులో పెట్టింది పెట్టినట్టే ఉందట, వాడు ముట్టుకోనే లేదట, కానీ బయాలజీ క్లాసులో అందరూ తలొంచుకుని క్విజ్ రాస్తుంటే ఆ బ్యాగు మూడుసార్లు గుర్రుగుర్రుమందట. మర్నాడు ఆఫీసులో గంట పర్మిషన్ తీసుకుని వెళ్ళా. లైసెన్స్ స్కాన్ చేసి నా ఫోటోతో స్టిక్కర్ ఇచ్చి అంటించుకోమన్నారు, తర్వాత ఫ్రంట్ ఆఫీసావిడ ఒక జిప్‌లాక్ కవరు తెచ్చి కౌంటర్ మీద పెట్టింది, దాని మీద మార్కర్‌తో మావాడి పేరు, తప్పు స్పెల్లింగ్‌తో. కవరు చేతిలోకి తీసుకోగానే తెర వెలిగింది. అమ్మ, 3 మిస్డ్ కాల్స్. ఆవిడ చూసింది, నేనూ చూశా, ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు, సంతకం పెట్టి వచ్చేశా.

అందుకని డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, కొప్పెల్ వైపు కొత్తగా దిగి పిల్లల్ని పబ్లిక్ హైస్కూల్లో వేస్తున్న మనవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. మనకి ఊళ్ళో అలవాటైన లెక్క వేరండీ, జిల్లా పరిషత్ హైస్కూలైనా కార్పొరేట్ స్కూలైనా యూనిఫామ్ ఒకటుంటుంది, అది వేసుకుంటే డ్రెస్ గురించి ఇంకో మాట ఉండదు. ఇక్కడ చాలా హైస్కూళ్ళలో యూనిఫామ్ లేదు, అంటే ఏదైనా వేసుకోవచ్చు అనుకుంటాం, అక్కడే బోల్తా పడతాం.

రూల్ ఏంటి, ఎక్కడుంది

ఫోన్ సంగతి మీ స్కూలు ప్రిన్సిపాల్ సరదాకి పెట్టింది కాదు, వాళ్ళతో వాదించి లాభం లేదు. హౌస్ బిల్ 1481 అని 2025 జూన్‌లో గవర్నర్ గ్రెగ్ అబ్బాట్ సంతకం పెట్టిన స్టేట్ చట్టం అది. స్కూలు రోజు మొదలైనప్పట్నుంచి అయిపోయేదాకా, స్కూలు ఆవరణలో, పిల్లలు సొంత కమ్యూనికేషన్ డివైస్ వాడకూడదు. ఇందులో ఫోన్ ఒక్కటే లేదు, స్మార్ట్‌వాచ్, ట్యాబ్లెట్ కూడా ఉన్నాయి, సిగ్నల్ పట్టుకుని మాట్లాడగలిగేది ఏదైనా దీని కిందకే వస్తుంది. స్కూలు వాళ్ళు ఇచ్చిన క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్ మాత్రం దీన్లోకి రాదు. రోజంతా అంటే లంచ్‌లో కూడా, క్లాసుకీ క్లాసుకీ మధ్య కారిడార్లో నడిచేటప్పుడు కూడా, బాత్రూమ్‌లో కూడా. మా పాప అంతకుముందు రెండేళ్ళూ లంచ్‌లో హాయిగా చూసుకునేది కాబట్టి దానికి ఇది బాగా మంటగా ఉండేది మొదట్లో.

చట్టం ఒకటే అయినా అమలు చేసే పద్ధతి స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే ఆ ప్రాంతం పబ్లిక్ స్కూళ్ళన్నీ నడిపే సంస్థకి, వదిలేశారు. అసలు తేవద్దనొచ్చు, లేదా ఎక్కడ దాచాలో చెప్పొచ్చు. కొన్నిచోట్ల స్విచాఫ్ చేసి బ్యాగులో పెట్టుకో అంటారు, కొన్నిచోట్ల లాకర్, కొన్నిచోట్ల అయస్కాంతంతో తాళం పడే యాండర్ సంచి ఇస్తారు. కాబట్టి పక్కింటి వాళ్ళు చెప్పారనో, వాట్సాప్ గ్రూపులో వేరే డిస్ట్రిక్ట్ వాళ్ళు అన్నారనో నమ్మకండి, రోడ్డు అవతల ఇల్లు వేరే ఐఎస్‌డీలో, అంటే వేరే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, ఉండొచ్చు, అక్కడి రూలు వేరు ఇక్కడిది వేరు.

మీరు చూడాల్సిన కాగితాలు రెండు: స్టూడెంట్ హ్యాండ్‌బుక్, స్టూడెంట్ కోడ్ ఆఫ్ కాండక్ట్. ఆగస్టులో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోతాం చూడండి, చదివాను, ఒప్పుకున్నాను అని, అవే ఇవి. ఎవరం చదవం. నేనూ చదవలేదు. ఇంకాస్త లోతుగా కావాలంటే డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో బోర్డ్ పాలసీ అని ఉంటుంది, అందులో కోడ్‌లు గుర్తుపెట్టుకోండి, ఎఫ్‌ఎన్‌సీఏ అంటే డ్రెస్ కోడ్, ఎఫ్‌ఎన్‌సీఈ అంటే ఫోన్లూ వగైరా, ఎఫ్‌ఎన్‌జీ అంటే కంప్లైంట్ ఎలా పెట్టాలో. టెక్సస్‌లో దాదాపు ఏ డిస్ట్రిక్ట్‌కెళ్ళినా ఇవే అక్షరాలు. సెర్చ్‌లో ఆ అక్షరాలు కొడితే నేరుగా పేజీకెళ్తారు, లేకపోతే ఆ సైట్లలో వెతకడం గడ్డివాములో సూది వెతికినట్టే.

ఫోన్ పోతే దాంతోపాటు పోయే పనులు

అసలు పని ఇక్కడుంది. ఫోన్ ఇంట్లో పెట్టేసి వెళ్ళరా అంటే అయిపోదు, ఆ ఫోన్ రోజుకి పది చిన్న పనులు చేస్తోంది, అవి ఒక్కోటీ ఎవరు చేస్తారో చూడాలి. మేం ఒక ఆదివారం కూర్చుని రాసుకున్నాం, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఫోన్ ఎందుకు తీస్తున్నావో చెప్పు అని.

మొదటిది టైమ్. నవ్వకండి, మావాడికి గోడగడియారంలో ముళ్ళు చూసి టైమ్ చెప్పడం సరిగ్గా రాదు. ఆపిల్ వాచ్ కుదరదు, దాన్లో స్కూల్‌టైమ్ అని మోడ్ ఉన్నా సరే, చట్టంలో స్మార్ట్‌వాచ్ అని మాట ఉంది. వాల్‌మార్ట్‌లో ఇరవై డాలర్లలోపు మామూలు కేసియో దొరుకుతుంది, కొనిచ్చేయండి.

రెండోది షెడ్యూల్. ఇక్కడ చాలా హైస్కూళ్ళలో ఏ డే, బీ డే అని రోజు విడిచి రోజు క్లాసులు మారతాయి, పిల్లలు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటారు. ప్రింట్ తీసి ఒకటి బైండర్‌లో, ఒకటి ఐడీ కార్డు వెనకాల పెట్టండి. లాకర్ కాంబినేషన్, లంచ్ పిన్ నంబర్ కూడా అదే కాగితం మీద. అమ్మా నాన్నా ఫోన్ నంబర్లు మాత్రం కాగితం మీద కాదు, నోటికి రావాలి. మావాడికి మా ఇద్దరి నంబర్లూ రావు, వాడి స్నేహితులు నలుగుర్ని అడిగా, ఒక్కడికీ రాదు. ఎక్కాలు అప్పజెప్పించినట్టు వారం రోజులు అప్పజెప్పించా.

క్యాలిక్యులేటర్ ఇంకోటి. హైస్కూల్ మ్యాథ్స్‌కి టీఐ-84 లాంటి గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ కావాలి, కొత్తది వంద డాలర్ల పైమాటే, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో, మన తెలుగు గ్రూపుల్లో గ్రాడ్యుయేట్ అయిపోయిన పిల్లల దగ్గర సగం ధరకి దొరుకుతాయి. మే నెలలో అడగండి, ఆగస్టులో అడిగితే ఎవరి దగ్గరా ఉండవు. క్రోమ్‌బుక్‌లో డెస్మోస్ అనే క్యాలిక్యులేటర్ ఉంటుంది కదా అంటారు పిల్లలు, ఉంటుంది, కానీ పరీక్షలో ఏది ఒప్పుకుంటారో టీచర్‌ని అడిగి చూసుకోవాలి.

బోర్డు మీద రాసింది ఫోటో తీసుకోవడం పోయింది, చేత్తో రాసుకోవాలి. ఇది మాత్రం మంచికే అయింది అని నా అభిప్రాయం, మా పాప కెమిస్ట్రీ నోట్స్ చూస్తే మా రోజుల్లో రఫ్ నోట్స్ గుర్తొచ్చింది.

జూనియర్, సీనియర్, అంటే పదకొండు, పన్నెండు గ్రేడ్ల పిల్లలున్న వాళ్ళు ఇది జాగ్రత్తగా చూసుకోండి, హైస్కూలుకీ కాలేజీకీ రెండిటికీ లెక్కలోకొచ్చే కమ్యూనిటీ కాలేజీ వాళ్ళ డ్యుయల్ క్రెడిట్ క్లాసులు తీసుకుంటే లాగిన్ అవ్వడానికి ఫోన్‌కి కోడ్ వస్తుంది, స్కూల్లో ఫోన్ లేదు, లాగిన్ అవ్వలేరు, క్లాసు టైమ్ అంతా ఆ తెర ముందు కూర్చోవడమే. స్కూలు తెరిచే ముందే కాలేజీ ఐటీ హెల్ప్‌డెస్క్‌కి ఈమెయిల్ పెట్టి ఫోన్ లేకుండా ఎలా లాగిన్ అవ్వాలో అడగండి, ఈ కంప్యూటర్‌ని గుర్తుపెట్టుకో అనే ఆప్షన్ ఉందా, లేదా చిన్న కీ లాంటిదేమైనా ఇస్తారా అని. మొదటి అసైన్‌మెంట్ గడువు రోజు అడిగితే ఎవరూ పలకరు.

ఇంక మనం పిల్లలతో మాట్లాడటం. సాయంత్రం డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ ఉంది, బస్సెక్కొద్దు అని చెప్పాలనుకోండి, ఫోన్‌కి మెసేజ్ పెడితే బెల్లు కొట్టేదాకా చూడరు, అప్పటికి బస్సెక్కేసి ఉంటారు. వాళ్ళ స్కూల్ ఈమెయిల్‌కి పెట్టండి, క్రోమ్‌బుక్‌లో కనిపిస్తుంది. నిజంగా అవసరమైతే ఫ్రంట్ ఆఫీసుకి ఫోన్ చేస్తే క్లాసుకి చీటీ పంపుతారు. కానీ తిన్నావా, జాకెట్ వేసుకున్నావా అని అడగడానికి కాదండోయ్.

క్రోమ్‌బుక్ మాటొచ్చింది కాబట్టి ఇంకో ముక్క. ఫోన్లు తీసేస్తే పిల్లలు ఊరికే కూర్చుంటారా, ఒక గూగుల్ డాక్ తెరిచి పదిమందికి షేర్ చేసి దాన్లోనే చాట్ చేసుకుంటారు. తెలివే, కాదనను, కానీ అది స్కూలు అకౌంట్, అందులో కొట్టింది ప్రతి అక్షరం స్కూలు వాళ్ళు చూడగలరు, చెరిపేసినా పాత వెర్షన్‌లో ఉంటుంది. ఎవర్నో తిడుతూ రాసింది ఏడాది తర్వాత బయటికొచ్చిన పిల్లలున్నారు. అలాగే సంచిలో వేయడానికి డ్రాయర్లో పడున్న పాత ఫోన్ అడుగుతారు, అసలుది సాక్సులో పెట్టుకోవచ్చని. ఇవ్వకండి. దొరికితే రెండు తప్పులవుతాయి, మీరిచ్చారంటే మూడు.

లాక్‌డౌన్ అయితే ఎలా?

మన అందరి గుండెల్లో ఉన్న ప్రశ్న ఇదే. 2022 మే నెలలో ఉవాల్డీలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయాక టెక్సస్‌లో ఏ తల్లికీ ఫోన్ లేకుండా పిల్లాడిని పంపాలంటే చేతులు రావు. నాకూ రావు. అయినా ఆలోచించండి, చీకటి గదిలో చప్పుడు చేయకుండా కూర్చున్న ముప్ఫై మంది దగ్గర ముప్ఫై ఫోన్లు అమ్మ కాలింగ్ అని వెలుగుతుంటే అది మేలా? నాకైతే ఆ జిప్‌లాక్ కవరే గుర్తొస్తుంది.

చేయాల్సింది ఏంటంటే స్కూలు వాళ్ళు పంపే మెసేజ్‌లో మాటలకి అర్థం తెలుసుకోవడం. ఇక్కడ చాలా స్కూళ్ళు ఒకే ఐదు మాటలు వాడతాయి. హోల్డ్ అంటే కారిడార్లు ఖాళీ చేసి ఎవరి గదిలో వాళ్ళుండమని, ఎవరికో కళ్ళు తిరిగి పడిపోయినా హోల్డే పెడతారు. సెక్యూర్ అంటే ప్రమాదం బయటెక్కడో ఉంది, బయటి తలుపులు వేసేసి లోపల పాఠాలు నడుస్తాయి. లాక్‌డౌన్ అంటే లోపలే, తలుపులు తాళం, లైట్లు ఆపడం, కనబడకుండా ఉండడం. ఇవాక్యుయేట్ అంటే బయటికి తీసుకెళ్ళడం, షెల్టర్ అంటే మన దగ్గర ఎక్కువగా టోర్నడో. హోల్డ్ అని మెసేజ్ రాగానే లాక్‌డౌన్ అని గ్రూపులో ఫార్వర్డ్ చేసి అందర్నీ హడలగొట్టిన సందర్భాలు మా గ్రూపులో కనీసం రెండున్నాయి.

ఇంకో పని, స్కూలు పోర్టల్లో ఎమర్జెన్సీ కాంటాక్ట్‌లు చూసుకోండి. నిజంగా ఏదైనా జరిగి పిల్లల్ని వేరేచోట అప్పజెప్పాల్సి వస్తే లిస్టులో పేరున్న వాళ్ళకే, ఫోటో ఐడీ చూసే ఇస్తారు. ఇండియా నుంచి అమ్మమ్మ, తాతయ్య వచ్చి ఆర్నెల్లు ఉంటారు కదా, వాళ్ళ పేర్లు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్కడ ఎక్కించండి. మా అమ్మ పేరు స్కూల్లో ఒకరకంగా, పాస్‌పోర్ట్‌లో ఇంకోరకంగా ఉంటే మామూలు రోజే పావుగంట నిలబెట్టారు.

షుగర్ ఉన్న పిల్లలు, ఇంకేదైనా ఆరోగ్య అవసరం

టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్లలకి చేతికి సెన్సర్ ఉంటుంది, రీడింగ్ ఫోన్‌కి వస్తుంది, ఫోన్ తీసేస్తే ఎలా అని మా స్నేహితురాలు జూన్‌లోనే ఏడుపు మొహం పెట్టింది. చట్టంలోనే మినహాయింపు ఉంది. డాక్టర్ రాసిచ్చిన అవసరం ఉన్నా, స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలకి రాసే ఐఈపీ ప్లాన్‌లో గానీ, ఆరోగ్య సమస్య ఉన్న పిల్లలకి స్కూలు చేయాల్సిన సర్దుబాట్లు రాసే 504 ప్లాన్‌లో గానీ ఆ డివైస్ రాసున్నా వాడుకోవచ్చు. కానీ అది దానంతటదే రాదు, కాగితం మీద ఉండాలి. తను చేసింది చెప్తా: ముందు ఎండోక్రైనాలజిస్ట్ దగ్గర డయాబెటిస్ మేనేజ్‌మెంట్ ప్లాన్ ఫారమ్ నింపించి, అందులో సెన్సర్ రీడింగ్ కోసం ఫోన్ ఎప్పుడూ దగ్గరుండాలి అని స్పష్టంగా ఒక వాక్యం రాయించింది. దాన్ని స్కూల్ నర్స్‌కి ఇచ్చింది. తర్వాత కౌన్సెలర్‌కి ఈమెయిల్ పెట్టి 504 మీటింగ్ అడిగింది, ఆ మీటింగ్‌లో పరీక్షల్లో కూడా ఫోన్ బల్ల మీద ఉండొచ్చని, సబ్‌స్టిట్యూట్ టీచర్ వచ్చినరోజు ఎవరు చెప్పాలని కూడా రాయించింది. ఆ చివరిది అందరూ మర్చిపోతారు. గొడవలు వచ్చేది రోజూ ఉండే టీచర్‌తో కాదు, ఒక్కరోజుకి వచ్చిన సబ్‌తో. వాళ్ళ పాప ఐడీ కార్డుకి ఒక రంగు చీటీ తగిలించారు, అది చూపిస్తే చాలు.

ఇంక బట్టలు

ఇండియా వెళ్ళినప్పుడు అమీర్‌పేటలోనో బీసెంట్ రోడ్డులోనో సూట్‌కేసు నిండా బట్టలు కొనేస్తాం, అందులో సగం స్కూలుకి పనికిరావు. అందుకే హ్యాండ్‌బుక్‌లో డ్రెస్ కోడ్ పేజీ చదివాకే కొనండి. మామూలుగా కనబడేవి ఇవి: నడుం, పొట్ట కనిపించే టాప్స్ వద్దు, సన్నటి స్ట్రాప్స్ వద్దు, షార్ట్స్ ఎంత పొడవుండాలో ఒక లెక్క, పైభాగంలో చిరుగులున్న జీన్స్ వద్దు, నైట్ ప్యాంట్లు వద్దు, టోపీలు వద్దు, హుడీ వేసుకోవచ్చు గానీ లోపల హుడ్ తల మీదకి లాక్కోకూడదు. బయట ఆగస్టులో వంద ఫారెన్‌హీట్ దాటిన ఎండ, లోపల ఏసీ ఫ్రిజ్‌లా ఉంటుంది, హుడీ తప్పదు, తల మీద హుడ్ అని రోజుకి పదిసార్లు టీచర్ అంటూనే ఉంటుందట. కెమిస్ట్రీ ల్యాబ్ ఉన్నరోజు ముందు మూసున్న బూట్లు, జుట్టు ముడి. చెప్పులేసుకొస్తే ల్యాబ్ చేయనివ్వరు, ఆ మార్కులు పోయినట్టే.

టీషర్టుల మీద రాతల దగ్గర మనవాళ్ళు ఎక్కువగా దొరికిపోతారు. తుపాకులు, మందు, సిగరెట్, గంజాయి ఇవేవీ బొమ్మగా గానీ మాటగా గానీ ఉండకూడదు. మాకు తెలిసినవాళ్ళ అబ్బాయికి వాళ్ళ బాబాయి హైదరాబాద్ నుంచి సరదాకి 420 అని పెద్దంకెలతో ఉన్న నల్ల టీషర్టు తెచ్చాడు. మనకి 420 అంటే ఏంటి, మోసగాడు, పాత ఐపీసీ సెక్షన్, ఇంట్లో ముద్దుగా తిట్టుకునే తిట్టు. ఇక్కడ 420 అంటే గంజాయి. పిల్లాడిని మొదటి పీరియడ్‌లోనే అసిస్టెంట్ ప్రిన్సిపాల్ రూముకి తీసుకెళ్ళి, బ్యాగు చూసి, వాళ్ళమ్మకి ఫోన్ చేశారు. ఆవిడ ఫోన్లో ఇండియన్ పీనల్ కోడ్ గురించి వివరిస్తుంటే అవతలివాళ్ళు ఎంత ఓపిగ్గా విన్నారో పాపం. చివరికి టీషర్టు తిరగేసి వేసుకుని రోజంతా గడిపాడు, లోపలి కుట్లూ లేబులూ బయటికి కనిపిస్తూ. అలాగే మన హీరోల ఫ్యాన్ టీషర్టులు, చేతిలో గన్నో రక్తం కారే గొడ్డలో నోట్లో బీడీయో లేని పోస్టర్ ఈమధ్య ఏదైనా ఉందా? అవి ఇంట్లో వేసుకోమనండి, సినిమా హాలుకి వేసుకోమనండి.

రాజకీయం రాసిన టీషర్టు వేరే సంగతి. వియత్నాం యుద్ధం వద్దని చేతికి నల్ల పట్టీ కట్టుకున్న పిల్లల కేసులో, టింకర్ కేసంటారు, 1969లో సుప్రీంకోర్టు పిల్లల వైపే తీర్పిచ్చింది, స్కూలు నడవడానికి నిజంగా అడ్డం రానంతవరకు వాళ్ళ అభిప్రాయం చెప్పుకోవచ్చని. ఆ వయసు పిల్లలున్నవాళ్ళకి ఇది తెలిసుంటే మంచిది, వాళ్ళకి ఎలాగూ తెలుసు.

బొట్టు, మాల, గుండు

బొట్టు, విభూతి, కాశీతాడు, రాఖీ, గోరింటాకు, వీటికి మా అనుభవంలో ఎవరూ ఏమనలేదు. గోరింటాకు చూసి టాటూనా అని ఒకసారి అడిగారంతే. పీఈ, అంటే ఆటల క్లాసులో గాజులు, గొలుసులు, వేలాడే జుంకాలు తీసేయమంటారు, అది దెబ్బలు తగలకుండా, దానికి మతం అంటగట్టకండి. అసలు ఇబ్బంది లాకర్ రూమ్‌లో మొలతాడు, మిగతా అబ్బాయిలు ఇదేంటని అడిగితే మావాడికి ఏం చెప్పాలో తెలీక బెల్ట్ అని చెప్పాడట. ఆ వయసుకి తీసేస్తానంటే తీయనివ్వండి, మా అత్తగారు ఒప్పుకోలేదు గానీ.

తిరుమల మొక్కు ఉంటే రెండు చిక్కులు. జుట్టు పెంచుతున్న మగపిల్లలకి కొన్ని డిస్ట్రిక్ట్‌లలో ఇప్పటికీ జుట్టు పొడవు రూలుంది. 2023లో వచ్చిన క్రౌన్ చట్టం జడలు, లాక్స్ (పాయలు పాయలుగా చుట్టుకున్న జుట్టు) లాంటి జుట్టు తీరుల కోసం, పొడవుని ఆ చట్టం ఆపదని 2024 ఫిబ్రవరిలో ఒక టెక్సస్ జడ్జి, హ్యూస్టన్ దగ్గరి స్కూలు కేసులో తీర్పిచ్చాడు. మన మొక్కుకి పనికొచ్చేది వేరే చట్టం, 1999 నుంచి ఉన్న టెక్సస్ మతస్వేచ్ఛ చట్టం. నీడ్‌విల్ అనే ఊళ్ళో ఒక నేటివ్ అమెరికన్ కిండర్‌గార్టెన్ పిల్లాడు వాళ్ళ నమ్మకం ప్రకారం జుట్టు పెంచుకుంటే స్కూలు ఒప్పుకోలేదు, 2010లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆ చట్టం మీదే పిల్లాడికి అనుకూలంగా చెప్పింది. రెండో చిక్కు గుండు కొట్టించుకుని ఆగస్టులో తిరిగొచ్చాక, ఆడపిల్లలైతే మరీ, టోపీ పెట్టుకుంటానంటారు, టోపీ వద్దని రూలు. అడగండి, మూడునాలుగు వారాలకని అడిగితే ఇచ్చినవాళ్ళే ఎక్కువ.

అడగడం ఎలాగో మా వీధిలో అయ్యప్ప మాల వేసుకున్న టెన్త్ గ్రేడ్ అబ్బాయి వాళ్ళని చూసి నేర్చుకున్నా. నవంబర్ మధ్యలో మాల అయితే వాళ్ళు అక్టోబర్ మొదట్లోనే అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ పెట్టారు. పెద్ద వ్యాసమేం కాదు, ఎనిమిది తొమ్మిది లైన్లు. పిల్లాడి పేరు, ఐడీ నంబర్, గ్రేడ్. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, 41 రోజులు. ఏం వేసుకుంటాడు, నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, మెడలో మాల చొక్కా లోపల, నుదుట గంధం, గడ్డం గీసుకోడు. ఇది మా మతంలో దీక్ష. మీ డ్రెస్ కోడ్‌లో ఫలానా లైను నుంచి మినహాయింపు కావాలి. చివర్లో, ఈమెయిల్‌లోనే జవాబిస్తే టీచర్లకి చూపించుకుంటాం అని. రెండ్రోజుల్లో సరే అని వచ్చింది. ఒక్కటే కుదరలేదు, వట్టి కాళ్ళతో నడవడం, ల్యాబుల్లో, కారిడార్లో భద్రత కాదన్నారు. వాళ్ళు గురుస్వామిని అడిగారు, స్కూలు టైమ్‌లో గుడ్డ బూట్లు వేసుకో అన్నారాయన, అయిపోయింది. నలభై ఒక్క రోజుల్లో ఒక్క పేచీ లేదు. ఇదే మాల వేసుకుని నేరుగా వెళ్ళి, టీచర్ అడిగాక, ఇంట్లోవాళ్ళు కోపంగా ఆఫీసుకెళ్ళుంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

స్వస్తిక్ మాత్రం జాగ్రత్త. లాకెట్ మీద గానీ, పూజ చేయించిన పుస్తకం అట్ట మీద గానీ ఉంటే మనకి శుభం, పక్కన కూర్చున్న యూదుల పిల్లకి అది నాజీల గుర్తు, వాళ్ళ ముత్తాత చావు. పద్నాలుగేళ్ళ పిల్లాడిని ఒంటరిగా ఆ మాట సర్దిచెప్పుకునే పరిస్థితిలో పెట్టకండి, స్కూలుకెళ్ళే వస్తువుల మీద ఓం చాలు అని నేనైతే చెప్తా.

తీసేసుకున్నారు, రాసేశారు, ఇప్పుడేం చేయాలి

ఫోన్ తీసేసుకుంటే మొదటిసారికి సాయంత్రమే పిల్లాడికి ఇచ్చే స్కూళ్ళున్నాయి, మాకులాగ తల్లో తండ్రో రావాలనే స్కూళ్ళున్నాయి, రెండోసారి మూడోసారి అయ్యేసరికి డిటెన్షన్, ఇన్‌స్కూల్ సస్పెన్షన్ (క్లాసుకి పంపకుండా స్కూల్లోనే వేరే గదిలో కూర్చోబెట్టడం) దాకా పోతుంది. వెంటనే వెళ్ళి తెచ్చేసుకోండి, మర్చిపోయి వదిలేస్తే 90 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసిచ్చి పారేసే అధికారం కూడా వాళ్ళకి ఉంటుంది. కౌంటర్ దగ్గర వాదించొద్దు, అక్కడ కూర్చున్నావిడ రూలు రాయలేదు, మార్చలేదు.

అన్యాయం జరిగిందనిపిస్తే ఇంటికొచ్చి ఈమెయిల్ రాయండి, ముందు టీచర్‌కి, తర్వాత అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌కి, తర్వాత ప్రిన్సిపాల్‌కి. ఫోన్లో మాట్లాడితే ఆ సాయంత్రమే, మనం ఇలా అనుకున్నాం కదా అని నాలుగు లైన్లు ఈమెయిల్ పెట్టేయండి, లేకపోతే ఆ మాట గాలికి పోయినట్టే. అప్పటికీ తేలకపోతే ఇందాక చెప్పిన ఎఫ్‌ఎన్‌జీ, గ్రీవెన్స్, లెవెల్ వన్ స్కూలు దగ్గర, లెవెల్ టూ డిస్ట్రిక్ట్ దగ్గర, లెవెల్ త్రీ బోర్డ్ దగ్గర. దానికి రోజుల గడువుంటుంది, మీ పాలసీలో ఎన్ని రోజులో చూసి క్యాలెండర్లో రాసుకోండి, గడువు దాటితే ఎంత న్యాయమున్నా వినరు. షార్ట్స్ పొడవు గురించి ఇంతదూరం వెళ్ళొద్దు బాబూ, ఆ నెల రోజుల టెన్షన్‌తో నాలుగు ప్యాంట్లు కొనుక్కోవచ్చు. ఆరోగ్యం, మతం, లేదా ఒకే తప్పుకి మీ పిల్లకి ఒక శిక్ష ఇంకొకరికి ఇంకో శిక్ష, ఇలాంటివైతే వెళ్ళండి.

రూలే మార్చాలంటే బోర్డ్ మీటింగ్‌లో పబ్లిక్ కామెంట్ ఉంటుంది, ముందే పేరిచ్చుకుంటే రెండుమూడు నిమిషాలు మాట్లాడొచ్చు. బోర్డ్‌లో చాలాచోట్ల ఏడుగురు ట్రస్టీలు, ఓటేసి ఎన్నుకున్నవాళ్ళు. ఓటెయ్యాలంటే సిటిజన్ అయ్యుండాలి గానీ మాట్లాడటానికి హెచ్‌1 అయినా పర్వాలేదు, మీ పిల్లలు అక్కడ చదువుతున్నారు అంతే.

అన్నట్టు ఒకటి మర్చిపోయా. పెద్ద హైస్కూళ్ళలో నలుగురైదుగురు అసిస్టెంట్ ప్రిన్సిపాల్స్ ఉంటారు, ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి పిల్లల్ని పంచుకుంటారు. మన పాస్‌పోర్ట్‌లలో ఇంటిపేరు ఒకచోట, పేరు ఒకచోట తారుమారై ఉంటాయి కదా. మావాడి గురించి ఈమెయిల్ నేను రెండువారాలు వేరే ఆయనకి పంపుతూ కూర్చున్నా, జవాబు రాలేదని తిట్టుకుంటూ. స్కూలు రికార్డులో లాస్ట్ నేమ్ అని ఏముందో పోర్టల్ తెరిచి చూసుకుని అప్పుడు పంపండి.